సాదా బతుకు ఎవరి ఇష్టం?

టామ్ షాడ్యాక్ హాలీవుడ్‌లో హాస్య చిత్రాలు తీసి బాగా గడించిన దర్శకుడు. సైకిల్ మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలి నానా యాతన పడ్డాడు. పెద్ద బంగళా అమ్మేసి చిన్న ఇంట్లోకి మారాడు. 2010లో ‘ఐ యామ్’ అనే డాక్యుమెంటరీ తీశాడు. సొమ్ములో సుఖం లేదు, పంచుకోవడంలోనే ఉందన్నది దాని సారం. అవసరానికి మించి కూడబెట్టడాన్ని కొన్ని ఆదివాసీ సమాజాలు మనసు జబ్బుగా చూస్తాయని కూడా అతను చెప్తాడు.

ఆ మాట మాకు కొత్త కాదు. బనగానపల్లె చుట్టుపక్కల మా సుగాలి తండాల్లో పొట్టేలును కోస్తే గడపగడపకూ పాలు పడుతుంది. ఒక ఇంట చావైతే ఆ ఇంటివాళ్ళ సంగటి పక్కింటి పొయ్యి మీద ఉడుకుతుంది. ఇది ఎవరూ సినిమా తీసి మాకు నేర్పలేదు.

అయితే ఇలాంటి సినిమాలు చూసిన పట్నం పెద్దమనుషులు మా వైపు తిరిగి, “మీరే అదృష్టవంతులు, ఏమీ లేకున్నా హాయిగా ఉన్నారు” అంటారు. అక్కడే మాకు పేచీ.

బంగళా వదిలినవాడికి సాదా బతుకు తాను ఎంచుకున్నది. రుచించకపోతే రేపు మళ్ళీ ఇల్లు కొనుక్కోగలడు. ఇక్కడి నాపరాయి గనుల్లో పలకలు తీసే మావాళ్ళకు ఆ వెసులుబాటు ఏది? మేం తీసిన రాయి ఎవరెవరి ఇళ్ళలోనో నున్నటి బండలై మెరుస్తుంది. మాకు మిగిలేది ఊపిరిలో దుమ్ము. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాయ కోసి గంప మోసే కూలికి ఏ గుర్తింపూ రాలేదు. వాన మొహం చాటేస్తే మా కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు బయలుదేరతాయి. పిల్లల చదువు నడుమ ఆగిపోతుంది. దీన్ని నిరాడంబరత అనరు, వలస అంటారు.

ఒకసారి కెమెరాతో వచ్చినవాళ్ళు మా ముసలమ్మలను అద్దాల లంగాలు కట్టుకుని నవ్వమన్నారు. నవ్వారు. ఒక పెద్దమ్మ ఎండిపోయిన బోరు సంగతి ఎత్తబోతే, “అది వేరే విషయం” అని కెమెరా ఆపేశారు. మాకు అదే విషయం.

స్వార్థం లేకపోవడం గొప్ప గుణమే. దాన్ని ఇచ్చినవాడి మనశ్శాంతితో కాదు, అందుకున్నవాడి కడుపుతో కొలవాలి. ఉన్నవాళ్ళు తగ్గించుకుంటే సంతోషం. తగ్గింది ఎటు పోయిందో కూడా చెప్పాలి. సాగు చేసుకునే భూమికి పట్టా, గనిలో న్యాయమైన కూలి, పిల్లలకు ఆగని చదువు ఇవ్వండి. అప్పుడు కూడా మేం పొట్టేలును పాలు వేసుకునే తింటాం. అది మా ఇష్టం. ఆకలికి మాత్రం ఆనందమని పేరు పెట్టి మాకు అంటగట్టకండి.