పెద్దవాళ్ళకీ ఓ టైంటేబులు!

"ఇవాళ ఏం వారమే అమ్మాయ్?"

ఈ ప్రశ్న మీ ఇంట్లో రోజుకి ఎన్నిసార్లు వినబడుతుందో గానీ, మా ఇంట్లో ఒకప్పుడు తక్కువలో తక్కువ అయిదుసార్లు వినబడేది. అడిగేది మా అత్తయ్యగారు. పోపు వేస్తూ ఓసారి "బుధవారమండీ" అనేదాన్ని. బట్టలు ఆరేస్తూ మరోసారి అనేదాన్ని. అయిదోసారికి నా గొంతులో విసుగు దొర్లేది. ఆవిడకి అది తెలిసిపోయేది. "పోన్లే, ఏ వారమైతే నాకేంటి" అని గోడవైపు తిరిగి పడుకునేవారు.

మతిమరుపేమోనని భయపడి డాక్టరుగారికి చూపించాం. పరీక్షలన్నీ చేసి, జబ్బేమీ లేదన్నారు. అని ఊరుకోలేదు. "ఆవిడ రోజంతా ఏం చేస్తుంటారమ్మా?" అని నన్నే అడిగారు. ఏం చెప్పను? లేస్తారు, పూజ చేసుకుంటారు, భోంచేస్తారు, టీవీ చూస్తారు, పడుకుంటారు. ఆదివారమూ అంతే, బుధవారమూ అంతే. ఇక వారం పేరు గుర్తు పెట్టుకోడానికి ఆధారమేదీ?

మనకైతే సోమవారం పిల్లల యూనిఫారం, శుక్రవారం తలంటు, ఆదివారం ఆలస్యంగా టిఫిను. ఆవిడకీ వాళ్ళ ఊళ్ళో ఉన్నప్పుడు సంత రోజుండేది, గుడికెళ్ళే శనివారం ఉండేది. ఇక్కడ అమీర్‌పేటలో మూడో అంతస్తు ఫ్లాటులో ఏముంది? కిందకి దిగితే కోచింగ్ సెంటర్లకి పరుగెత్తే పిల్లలు, హాస్టళ్ళ బోర్డులు, ఆటోల రొద. మైత్రీవనం దగ్గర రోడ్డు దాటాలంటే మనకే గుండె దడ, మరి ఎనభయ్యో పడిలో ఉన్నవాళ్ళ మాటేమిటి?

అన్నం వేళకి పెడుతున్నాను, మాత్రలు గుర్తు చేస్తున్నాను, ఇంకేం కావాలి అనుకున్నదాన్ని నేను. మీరూ అలాగే అనుకుంటున్నారా? అయితే ఈ నెల శీర్షిక మీకోసమే.

ఒక కాగితం కథ

ఈమధ్య నగరం శివార్లలో పెద్దవాళ్ళ కోసమే కట్టిన ఇళ్ళ సముదాయాలు వచ్చాయి కదా, అలాంటిచోట నా స్నేహితురాలి అమ్మగారు ఉంటున్నారు. చూడ్డానికి వెళితే ఆవిడ బల్లమీద అచ్చువేసిన కాగితం ఒకటి కనబడింది. ఒకవైపు ఆ నెలలో ఏ రోజున ఏ కార్యక్రమమో రాసి ఉంది. రెండోవైపు చిన్న కథ, రెండు జోకులు, ఓ పొడుపుకథ. ఆవిడ దాన్ని పంచాంగంలా చూసుకుంటున్నారు. "గురువారం నన్ను ఖాళీగా ఉండమనకు, నాకు పాటలున్నాయి" అన్నారు కూతురితో!

అక్కడికి వెళ్ళే స్థోమత అందరికీ ఉండదు. స్థోమత ఉన్నా ఇల్లు విడవడం అందరికీ ఇష్టం ఉండదు. కానీ ఆ కాగితానికి ఖర్చేముంది? మన అపార్ట్‌మెంటులోనే పెట్టుకోవచ్చు కదా అనిపించింది. లెక్కేస్తే మా భవనంలో అరవై దాటినవాళ్ళు పదకొండుమంది తేలారు. ఒకే మెట్లవెంట ఏళ్ళ తరబడి తిరుగుతున్నారు గానీ, సగంమందికి ఒకరి పేరొకరికి తెలీదు.

మొదట్లో చేసిన తప్పు

మేం నలుగురం కోడళ్ళం కూడి మొదటి నెల కార్యక్రమం వేశాం. ఆరోగ్యం మీద ఓ ఉపన్యాసం, భజన, టిఫిను. అందరూ వచ్చి బడిపిల్లల్లా చేతులు కట్టుకుని కూర్చుని, తిని వెళ్ళిపోయారు. రెండోసారి పిలిస్తే నలుగురే వచ్చారు. మాకు చిన్నతనంగా అనిపించింది.

రెండో అంతస్తులో రిటైరైన లెక్కల మేష్టారొకరున్నారు. ఆయన్నే అడిగాం. "ఏం లేదమ్మా, మమ్మల్ని అందరూ వినమనేవాళ్ళే. ఇంట్లో పిల్లలు చెబుతారు, టీవీవాడు చెబుతాడు, ఇప్పుడు మీరూ చెబుతున్నారు. మేం చెప్పేది వినేవాళ్ళేరీ?" అన్నారు.

మాకు నోట మాట రాలేదు. ఆ రోజునుంచి పద్ధతి మార్చేశాం. పని వాళ్ళది, సాయం మాది. పాటల పుస్తకం ఒకరిది, కుర్చీల లెక్క ఒకరిది, చదవడం మేష్టారిది. లిఫ్టు పక్కన ఓ నల్లబోర్డు తగిలించి, రోజూ పొద్దున్నే వారం, తిథి, ఆరోజు కార్యక్రమం రాసే పని మా అత్తయ్యగారికి అప్పజెప్పాం.

నెలకి నాలుగు గురువారాలు

రోజూ పెట్టుకుంటే పెద్దవాళ్ళూ అలసిపోతారు, మనమూ అలసిపోతాం. వారానికి ఒక్కటి చాలు. మేం వేసుకున్న వరస ఇదీ:

మొదటి గురువారం ఆటలు. అష్టాచెమ్మా, పచ్చీసు, వామనగుంటలు. వరసకి ఏడు గుంటల చొప్పున రెండు వరసల పలక దొరక్కపోతే అట్టమీద పద్నాలుగు గుండ్రాలు గీసి చింతగింజలు పెట్టండి, సరిపోతుంది. గింజలు ఏరి వెయ్యడం వేళ్ళకి మంచి కసరత్తు, లెక్క తప్పకుండా చూసుకోవడం బుర్రకి కసరత్తు.

రెండో గురువారం చదువు. దాని సంగతి తర్వాత చెబుతాను.

మూడో గురువారం జ్ఞాపకాలు. ఒక్కొక్కరు తమ ఊరి సంగతి ఒకటి చెప్పాలి, మనలో ఒకరు రాసుకోవాలి. సిద్దిపేట బామ్మగారు తంగేడు, గునుగు పూలు తెచ్చి బతుకమ్మ పేర్చిన సంగతి చెబితే, మా అత్తయ్యగారు అట్లతద్దికి తెల్లవారకుండానే లేచి గోంగూర పచ్చడితో చద్దన్నం తిని ఉయ్యాలలూగిన సంగతి చెప్పారు. "గట్లనా! మీకు గుడ ఉయ్యాలలున్నయా?" అని బామ్మగారు ఆశ్చర్యపోయారు. ఓసారి కొలతల మీద పెద్ద చర్చ జరిగింది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని వాళ్ళు గడగడా చెబుతుంటే, కప్పులూ గ్రాములూ తప్ప తెలియని మేం నోళ్ళు తెరుచుకుని విన్నాం. అమ్మమ్మల ఊరగాయ లెక్కలన్నీ ఆ కొలతల్లోనే ఉన్నాయి మరి!

నాలుగో గురువారం షికారు. దూరాలు వద్దు. ఆషాఢమాసంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం జరుగుతుంది గదా, ఆ రద్దీలో కాకుండా ముందో వెనకో ఓ మామూలు రోజున దర్శనానికి తీసుకెళ్ళండి. లేదంటే పంజాగుట్ట ద్వారకాపురి కాలనీ సాయిబాబా గుడి, జలగం వెంగళరావు పార్కు. ఎండ లేని రోజున మెట్రో షికారు మా వాళ్ళకి మహా సరదా. 2017 నవంబరులో మెట్రో మొదలైనా, మా భవనంలో ఆరుగురు ఒక్కసారీ ఎక్కలేదంటే నమ్మండి! అమీర్‌పేట స్టేషనులో లిఫ్టు ఉంది కాబట్టి మెట్ల భయం లేదు. పంజాగుట్ట, ఎర్రమంజిల్ దాటుతుంటే కిటికీలోంచి చూస్తూ మేష్టారు ఎర్రమంజిల్ ప్యాలెస్ కథ చెప్పారు. నిజాం కాలపు నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్న భవనం అది. దాన్ని కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. "పాతవాటినీ ఉండనిచ్చారన్నమాట" అన్నారు మా అత్తయ్యగారు. బండిలో అందరూ నవ్వారు.

బస్సులో వెళ్ళేట్టయితే, 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం ఉంది. ఆధార్ కార్డు పర్సులో పెట్టుకోవడం మరిచిపోకండి.

చదువు ఎలా ఉండాలి?

పెద్దవాళ్ళకి పుస్తకమనగానే మనం భారతమో భాగవతమో చేతికిస్తాం. అవీ ఉండాలి, కానీ వాళ్ళకీ నవ్వుకోవాలని ఉంటుంది సుమండీ! చిన్న కథ కావాలి, పదిహేను నిమిషాల్లో అయిపోవాలి, ఒకరు పైకి చదివితే మిగతావాళ్ళు వినాలి. కళ్ళు కనబడనివారికి, చదువు రానివారికి కూడా అప్పుడే అందులో పాలు దక్కుతుంది.

ముళ్ళపూడి వెంకటరమణగారి 'బుడుగు', మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతం కథలు, మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టర్ పార్వతీశం', భానుమతీ రామకృష్ణగారి 'అత్తగారి కథలు' మా దగ్గర బాగా పారాయణ అవుతున్నాయి. అత్తగారి కథలు చదివిన రోజున అత్తలంతా ఒకవైపు, కోడళ్ళంతా ఒకవైపు! సత్యం శంకరమంచిగారి 'అమరావతి కథలు' నూరు ఉన్నాయి, చిన్నవి, ఒకటి చదివి ఆపెయ్యచ్చు. 1947 జులైలో మొదలైన 'చందమామ' ఇప్పుడు రావడం లేదు గానీ, పాత సంచికలు ఎవరింట్లోనైనా అటకమీద ఉంటే దింపండి. వాళ్ళు పిల్లలప్పుడో, తమ పిల్లలకో చదివిన కథలే అవి.

పెద్ద నవలైతే చదివినవారు దాని కథ నోటితో చెప్పాలి. మాలతీ చందూర్‌గారు 'పాత కెరటాలు' శీర్షికలో ఎన్ని ఇంగ్లీషు నవలల్ని మన వంటింట్లోకి తెచ్చిపెట్టారో గుర్తుందా? ఆ పద్ధతే. పుస్తకాలు కొనక్కర్లేదు, చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. కథని పెద్ద అక్షరాల్లో జిరాక్సు తీయించి ఇస్తే సొంతంగా చదువుకునేవారికి హాయి.

నాలుగు జాగ్రత్తలు

వేళ సాయంత్రం నాలుగు నుంచి అయిదున్నర. మధ్యాహ్నం కునుకు చెడకూడదు, చీకటి పడకుండా ఇళ్ళు చేరాలి. చేతులున్న కుర్చీలే వెయ్యండి, లేవడానికి ఊతం కావాలి. కూర్చునే చోటికి బాత్‌రూము దగ్గరగా ఉండాలి. సగంమంది రాకపోవడానికి కారణం అదే, నోరు విడిచి చెప్పరంతే. చెవుడున్నవారి దగ్గర అరవకండి, ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడండి.

ఇంకో మాట. ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడగడం, తెలిసిన దారి తప్పడం, డబ్బు లెక్క తెలియకపోవడం లాంటివి కనబడితే ముందు డాక్టరుగారికే చూపించాలి. కాలక్షేపం మందుకి బదులు కాదు.

ఆ రోజుకి టిఫిను

అటుకుల దద్దోజనం చేసి చూడండి, పళ్ళు లేనివారూ తినచ్చు. రెండు కప్పుల మందపాటి అటుకులు కడిగి, నీళ్ళు వార్చి పది నిమిషాలు ఉంచండి. కప్పు గోరువెచ్చని పాలు పోసి మెత్తగా మెదిపి, రెండు కప్పుల కమ్మటి పెరుగు కలపండి. చెంచాడు నూనెలో ఆవాలు, ఇంగువ, అల్లం తురుము, సన్నగా తరిగిన కరివేపాకు పోపు వెయ్యండి. పచ్చిమిర్చి పొడుగ్గా చీల్చి వేస్తే వడ్డించేముందు తీసెయ్యచ్చు. శనగపప్పు మాత్రం వద్దు, కట్టుడు పళ్ళకి శత్రువు. ఉప్పు తగ్గించండి, బీపీవాళ్ళు ఉంటారు.

ఆ గురువారం

పోయిన చలికాలంలో ఓ గురువారం సిద్దిపేట బామ్మగారి కుర్చీ ఖాళీగా ఉంది. కొడుకు విదేశాల్లో ఉంటాడు, ఆవిడొక్కరే ఉంటారు. "నిద్రపోయి ఉంటార్లే" అన్నాను నేను. మా అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "గురువారం అని పొద్దున బోర్డు చూసి, సాయంత్రం వస్తానని నాతో చెప్పి వెళ్ళింది. రాకపోవడమేమిటి?" అని వాచ్‌మన్‌ని పైకి తరిమారు. తలుపు కొడితే లోపల్నుంచి సన్నగా మూలుగు. బాత్‌రూములో జారి పడి మూడు గంటలైందట. మణికట్టు విరిగింది. పక్కింటివారి దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి ఆస్పత్రికి చేర్చాం. ఆ సాయంత్రం అందరికీ అన్నం సయించలేదు.

గురువారం అనేదే లేకపోతే ఆవిడ రాలేదని ఎవరికి తెలిసేది?

మీ భవనంలోనూ అలా ఒంటరిగా ఉండే పెద్దావిడ ఒకరుంటారు. రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇవాళే కనుక్కోండి. ఫోను పక్కన 14567 అని పెద్ద అంకెల్లో రాసి పెట్టండి, అది పెద్దవాళ్ళకోసం ప్రభుత్వం నడిపే ఎల్డర్‌లైన్, డబ్బు పడదు.

బామ్మగారి కట్టు విప్పేశారు. చింతగింజలు ఎడం చేత్తో వేసి గెలుస్తున్నారు. మా అత్తయ్యగారు మాత్రం పొద్దున్నే స్నానం చేసి, పంచాంగం చూసుకుని, సుద్దముక్క పట్టుకుని లిఫ్టు దగ్గరకి వెళ్ళిపోతున్నారు. నిన్న వంటింట్లో హడావిడిలో ఉండి నేనే కేకేశాను, "ఇవాళ ఏం వారమండీ?" అని.

"బోర్డు మీద రాశాను, చూసుకోవే!" అన్నారు.

ఏమంటారు? మీ లిఫ్టు పక్కన గోడ ఖాళీగానే ఉందిగా?