వేడిని చూచు కన్నునకు చౌక కటకము



తొగుట మండలములోని వేములఘాట్ మల్లన్నసాగర్ జలాశయములో కలిసిపోయినది. ఊరు విడువలేక 2016లో దీక్షలకు కూర్చున్న ఆ గ్రామస్థులు 2021లో గజ్వేల్ చెంతకు తరలిరి. మరుసటి ఏడు ప్రారంభమైన ఆ జలాశయపు నిలువ శక్తి 50 టి.ఎం.సి.లు. ఒక ఊరి పొలము, గుడి, బడి మునిగి వచ్చిన నీటిని అక్కరలేని మడిలోనికి వదలుట నా మనస్సునకు ఒప్పదు.

నీరు ఎప్పుడు కట్టవలెనో ఆకే చెప్పును. ఆకు తన సన్నని రంధ్రముల గుండా నీటిని ఆవిరిగా వదలుచు చల్లగా నుండును. వేరునకు తడి తగ్గగానే ఆ రంధ్రములు మూసుకొని ఆకు వేడెక్కును. పైరు వాడుటకు ముందే జరుగు ఈ మార్పు మన కంటికి కనబడదు, పరారుణ కెమెరాకు కనబడును.

చిక్కంతయు ధరలో నున్నది. చేను వెలువరించు వేడి కిరణములు ముఖ్యముగా 8 మొదలు 14 మైక్రాన్ల తరంగములు. మామూలు గాజు వానిని అడ్డగించును. అందుచే ఖరీదైన జెర్మేనియముతో కటకములు చేయుచున్నారు. 2023లో చైనా దాని ఎగుమతిపై ఆంక్షలు పెట్టినది.

అయితే పాలిథిన్ ఆ కిరణములను పోనిచ్చును. పలుచని నల్ల చెత్త సంచిలో చేయి పెట్టిన, కంటికి కనబడని చేయి ఆ కెమెరాకు కనబడును. మనిషి రాగానే వెలుగు దీపములకుండు తెల్లని బుడిపె పాలిథిన్ కటకమే. దళసరియైన వేడిని మ్రింగును గనుక, దానిని వలయములు దిద్దిన పలుచని రేకుగా పోతపోయుదురు. 2013లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయమున జెఫ్రీ ప్యున్ బృందము కరిగించిన గంధకముతో పాలిమరు చేసి, మరుసటి ఏడు పరారుణ కటకములకు పనికివచ్చునని చూపినది. బూడిద తెగులునకు మనము చల్లు గంధకమే సుమా!

ఇట్టి కటకపు బొమ్మ మసకగా నుండునని నిపుణులు పెదవి విరుతురు. నిజమే. సైనికునకు శత్రువు ముఖము కావలెను. రైతునకు ఏ మడి పక్క మడికంటె రెండు డిగ్రీలు వేడిగా నున్నదో తెలిసిన చాలును. కటకము తానే వెలువరించు వేడిచే అంకె తప్పవచ్చును గాని, బాగుగా తడిపిన ఒక సాలును అదే బొమ్మలో నుంచి పోల్చిన చాలవరకు సరిపోవును.

ప్రతి రైతును కెమెరా కొనుమని నేననను. సెన్సరు ధర ఎటులను ఉండనే ఉన్నది. రైతు వేదికకు ఒకటి చాలును. కటకములు మన పాలిటెక్నిక్కులలో పోతపోయించి, మొదట జలాశయము దిగువ మొక్కజొన్న చేలలో పరీక్షింపవలెను. మబ్బులేని దినమున, పగలు 12 మొదలు 2 గంటల లోపుగా చూడవలెను. కటకమును మాత్రము జీపులో ఎండకు వదలరాదు, మెత్తబడి వంగును.