నల్లకోటు అక్కర్లేని లా ఉద్యోగం... ఇంటర్వ్యూలో ఏం అడుగుతారంటే!

లా అయిపోయిందంటే చాలు, ఇంటికొచ్చిన ప్రతి చుట్టం అడిగే మాట ఒకటే: ‘ఏ కోర్టులో ప్రాక్టీసు?’ సీనియర్ దగ్గర చేరి, వాయిదాల వెంట తిరిగి, చేతికి నాలుగు రూపాయలు రావాలంటే ఏళ్లు పడుతుందని వాళ్లకీ తెలుసు, మీకూ తెలుసు. అందుకే ఇప్పుడు చాలామంది చూపు మాదాపూర్, గచ్చిబౌలి వైపు తిరిగింది. అక్కడి పెద్ద కంపెనీల్లో కోర్టు మెట్లెక్కకుండానే లా డిగ్రీతో చేసే ఉద్యోగాలున్నాయి. కాంట్రాక్ట్ మేనేజర్, ప్రైవసీ అనలిస్ట్, కంప్లయన్స్ అసోసియేట్, లీగల్ ఆపరేషన్స్... పేర్లు రకరకాలు. పని మాత్రం ఇంచుమించు ఒకటే. కంపెనీ చేసుకునే ఒప్పందాలు, దాచుకునే డేటా, పాటించాల్సిన రూల్స్... వీటిలో ఎక్కడా తేడా రాకుండా చూసుకోవడం.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చాక మనవాళ్లు చేసే మొదటి పని సెక్షన్లు బట్టీపట్టడం. అక్కడ అడిగేది వేరు.

సెక్షన్ కాదు... దారి చెప్పాలి

ఇలాంటి ప్రశ్న ఒకటి గ్యారంటీ అనుకోండి: ‘సాయంత్రంలోగా సంతకం అయిపోవాలని సేల్స్ టీమ్ తొందరపెడుతోంది. మన కంపెనీ కట్టాల్సిన నష్టపరిహారానికి ఉన్న పరిమితిని తీసేయమని క్లయింట్ పట్టుబట్టాడు. మీరేం చేస్తారు?’

కాంట్రాక్ట్ చట్టం, 1872... సెక్షన్ 73 నష్టపరిహారం గురించి, సెక్షన్ 74 ముందే రాసుకున్న పరిహారం గురించి... అని మొదలుపెడితే ఎదుటివాళ్లు టైమ్ చూసుకుంటారు. ‘కుదరదు, రిస్క్’ అని తేల్చేసినా లాభం లేదు. వాళ్లకి కావాల్సింది డీల్ ఆగకూడదు, కంపెనీ మునగకూడదు.

అందుకే ముందు ఎదురు ప్రశ్నలు వేయండి. డీల్ విలువెంత? క్లయింట్ డేటా మన చేతికి వస్తుందా? ఇలాంటి మార్పు ఒప్పుకునే అధికారం ఎవరికుంది? తర్వాత మధ్యేమార్గం చెప్పండి. ‘పరిమితి మొత్తం తీసేయకుండా ఏడాది ఫీజు వరకు పెడదాం. రహస్య సమాచారం బయటికి పోతే మాత్రం ఇంకాస్త ఎక్కువ ఒప్పుకుందాం. అప్పటికీ వినకపోతే రెండు లైన్లలో రిస్క్ రాసి పై మేనేజర్‌కి పంపుతాను.’ జవాబంటే ఇదీ!

అరగంట పరీక్ష

కొన్ని కంపెనీలు పది పేజీల అగ్రిమెంట్ ఒకటి చేతిలో పెట్టి, తప్పులు పట్టమంటాయి. మొదటి పేజీ నుంచి ప్రతి కామా సరిచేస్తూ కూర్చుంటే టైమ్ అయిపోతుంది. డబ్బెప్పుడు ఇవ్వాలి, ఒప్పందం ఎన్నాళ్లు, దానంతటదే రెన్యూ అవుతుందా, ఎలా బయటపడాలి, నష్టం వస్తే ఎవరు కట్టాలి, గొడవొస్తే ఏ ఊరి కోర్టు... ముందు వీటిమీద పడండి. అన్నిటికన్నా ప్రమాదమైన మూడింటిని పైకి తెచ్చి, ఒక్కోదానికి మీ సవరణ రాయండి. ఇరవై తప్పులు ఏకరువు పెట్టినవాళ్లకన్నా ముఖ్యమైన మూడు ఏవో తేల్చినవాళ్లకే మార్కులు.

ప్రైవసీ ఉద్యోగమైతే...

డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది. దాని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, అమలు దశలవారీగా. డేటాకి సరైన భద్రత పెట్టకపోతే జరిమానా రూ.250 కోట్ల వరకు ఉండొచ్చు. ఈ మనుషులకి గిరాకీ ఎందుకో అర్థమైందిగా!

‘మన ఉద్యోగి ఒకరు కస్టమర్ల ఫోన్ నంబర్లున్న ఫైల్‌ని పొరపాటున బయటివాళ్లకి మెయిల్ చేశారు. మొదటి గంటలో ఏం చేస్తారు?’ అని అడగొచ్చు. వరుస గుర్తుపెట్టుకోండి: లీకు ఆపడం, ఏ వివరాలు ఎంతమందివి పోయాయో తేల్చడం, ఐటీ సెక్యూరిటీకి, పైవాళ్లకి చెప్పడం, జరిగింది జరిగినట్టు రాసిపెట్టడం. రూల్స్ ప్రకారం బాధితులకి, డేటా ప్రొటెక్షన్ బోర్డుకి ఆలస్యం లేకుండా చెప్పాలి. బోర్డుకి పూర్తి వివరాలు 72 గంటల్లో ఇవ్వాలి.

ఇంగ్లిష్ భయమా?

జిల్లా కోర్టులో రెండేళ్లు చేసి, తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఇదే బెంగ. వాళ్లు చూసేది యాస కాదు, స్పష్టత. ‘ఇండెమ్నిటీ అంటే మా ఇంజినీర్‌కి అర్థమయ్యేలా చెప్పండి’ అంటే, ‘మీ వల్ల నాకు నష్టమొస్తే, ఆ నష్టం మీరు భరిస్తానని మాటివ్వడం’ అనే అర్థం చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో చెప్పగలిగితే చాలు. కోర్టు అనుభవాన్నీ దాచుకోవద్దు. ఎన్ని నోటీసులు డ్రాఫ్ట్ చేశారు, ఎన్ని అగ్రిమెంట్లు చూశారు, గందరగోళంగా మాట్లాడే క్లయింట్ నుంచి అసలు విషయం ఎలా రాబట్టారు... లెక్కతో సహా చెప్పండి.

‘కోర్టు ఎందుకు వదిలేస్తున్నారు?’ అంటే సీనియర్‌ని తిట్టడం మొదలెట్టొద్దు. ‘గొడవ వచ్చాక వాదించడం కన్నా రాకుండా కాగితం రాయడం నాకు నచ్చింది’ అనండి. నిజంగా నచ్చితేనే సుమా!

సంతకానికి ముందు...

అసలు మెలిక ఇక్కడుంది. బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం ఫుల్‌టైమ్ జీతం తీసుకునేవాళ్లు అడ్వకేట్‌గా ప్రాక్టీసు చేయకూడదు. ఎన్‌రోల్ అయి ఉంటే ఉద్యోగంలో చేరిన సంగతి రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి చెప్పి, ప్రాక్టీసు ఆపాలి. జీతమొచ్చినా, ఆదివారం కేసులు చూసుకుందాం అంటే కుదరదు.

జడ్జి కావాలన్న కల ఉంటే ఇంకా ఆలోచించాలి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కంపెనీలో గడిపిన మూడేళ్లని అక్కడి మూడేళ్లుగా చూపిద్దామనుకోవద్దు. ఆ కల ఉన్నవాళ్లు ముందు ప్రాక్టీసు పూర్తి చేసుకుని ఇటు రావడం మేలు.

మరి బాండ్? ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు సెక్షన్ 27 కింద మామూలుగా నిలవదు. అలాగని ప్రతి బాండ్ చెల్లదనుకుంటే పొరపాటే. మూడేళ్లలోపు మానేస్తే రూ.2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని విజయా బ్యాంకు కేసులో 2025 మేలోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే హెచ్‌ఆర్‌ని మొహమాటం లేకుండా అడగండి: కంపెనీ రోల్స్‌లోనా, థర్డ్ పార్టీనా? నైట్ షిఫ్టా? నోటీస్ పీరియడ్ ఎంత? బాండ్ ఉందా?

ఆఫర్ లెటర్ వచ్చిన రోజు స్వీట్లు పంచండి. కానీ స్టేటస్ పెట్టేముందు దాన్ని ఆఖరి పేజీ దాకా చదవండి. ఊళ్లోవాళ్ల కాంట్రాక్టులు చదవడానికి వెళ్తున్న మనిషి, తన కాంట్రాక్టు చదవకుండా సంతకం పెడితే ఎలా?