కూలికి అడుగుమట్టము

2025 నవంబరు 21వ తేదీనుండి వేతన స్మృతి అమలులోనికి వచ్చినది. 1948 నాటి కనీస వేతనముల చట్టము పట్టికలో చేర్చిన పనులవారినే కాపాడుచుండెను. క్రొత్త చట్టము ఆ పట్టికను తొలగించినది. కేంద్ర ప్రభుత్వము నిర్ణయించు అడుగుమట్టమునకు తక్కువగా ఏ రాష్ట్రమును కనీస వేతనము నిర్ణయింపరాదు. సంతోషింపదగినదే. కాని ఆ మట్టమెంత?

కూలి పెంచినచో కూలివానికి పనియే దొరకదని యజమానులు బెదరించుట నేటిమాట గాదు. ఇంగ్లండులో 1999 ఏప్రిలున గంటకు 3.60 పౌనుల కనీస వేతనము పెట్టినప్పుడును, జర్మనీలో 2015లో 8.50 యూరోలు పెట్టినప్పుడును ఇట్టి జోస్యములే వినవచ్చినవి. చెప్పినంత నిరుద్యోగము ఎచ్చటను కలుగలేదు. చిన్న యజమానిపై భారము పడదని మే మనము, పడును. కొన్ని వస్తువుల వెలలు పెరుగును. మట్టము మితిమీరినచో పనులు తగ్గుటయు గలదు.

అయినను మన దేశమున కూలి నిర్ణయమగు తీరు చూడుడు. ఒడిశాలోని బలంగీరు ప్రాంతమునుండి తెలంగాణ ఇటుకబట్టీలకు వచ్చు కుటుంబములు సర్దారునొద్ద ముందుగా బయానా పుచ్చుకొని బయలుదేరును. వేయి ఇటుకల కింత యని లెక్క. ఆలుబిడ్డల శ్రమయు అందులోనిదే. బయానా తీరువఱకు మఱియొక బట్టీకి పోవుటకు వీలులేదు. నలుగురిని విచారించి తన శ్రమకు వెల కట్టుకొనలేనివాని కూలిని బజారు ధర యనుట యెట్లు? ఇట్టిచోట చట్టము కూలి పెంచినంతమాత్రమున పని తగ్గవలసిన అగత్యము లేదు. యజమానియు సర్దారును మిగుల్చుకొనుదానిలో కొంత కూలివాని చేతికి వచ్చును. వచ్చినది బియ్యమునకు, బట్టకు వ్యయమై అంగడికే చేరును. మా రాష్ట్రమున కూలి చౌక యని పెట్టుబడిదారులను పిలుచు పోటీయు కొంత అణగును. కనీస వేతనమునకు తక్కువ యిచ్చి చేయించుకొన్న పని వెట్టియేయని సుప్రీంకోర్టు 1982లోనే తీర్పు చెప్పినది గదా!

ఇక మట్టము మాట. 1996లో దినమునకు 35 రూపాయలుగా మొదలైన జాతీయ మట్టము 2017 నాటికి 176 రూపాయలు; దానికి చట్టబలమైనను లేకుండెను. ప్రభుత్వమే నియమించిన నిపుణుల సంఘము 2019లో 375 రూపాయలు సూచించినది. మొదటిదానివంటి మట్టమైనచో యజమానికి నష్టములేదు, కూలివానికి లాభమును లేదు. నిపుణుల లెక్కనే ఆధారము చేసికొని, నాటినుండి పెరిగిన ధరలను దానికి కలిపి మట్టము నిర్ణయింపవలయును. వేయి ఇటుకల లెక్కన చెల్లించుచోట, ఆ సొమ్ము తలకు దినవేతన మగుచున్నదో లేదో బట్టీకి పోయి లెక్కించు అధికారి యెవరో అదే ఉత్తరువులో ప్రకటింపవలయును.