నివురు కింద నిప్పు

మొన్న ధనుర్మాసంలో మానవపాడు వెళ్ళాను. పాలమూరు సీమ అంటే ఎండలకు పేరు గదా అని పల్చని దుప్పటి ఒక్కటే పట్టుకుపోయాను. తెల్లవారుజామున తుంగభద్ర వైపునుంచి గాలి తిరిగేసరికి నా తెలివి నాకే తెలిసివచ్చింది. లేచి వసారాలోకి వస్తే, మా పెద్దమ్మ మనవడు అప్పటికే కుంపటి దగ్గర ముడుచుకుని కూర్చున్నాడు.

"చిన్నాయనా! బొంతలు లేని కాలంలో మనుషులు చలికి ఎట్ల బతికిరి?" అన్నాడు.

నేను సైబీరియా ఎత్తుకున్నాను. డెనిసోవా గుహలో బెజ్జమున్న ఎముక సూదులు దొరికాయనీ, మంచుయుగంలోనే అక్కడివాళ్ళు తోళ్ళు కుట్టుకుని తొడిగేవారనీ చెప్పాను.

"అది సరే, మన దిక్కు?"

మన దిక్కు కథ ఎంతో దూరం లేదు. కర్నూలు దాటి బేతంచెర్ల వైపు పోతే సున్నపురాతి గుహలున్నాయి. బిల్లసర్గంలో 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకాలు మొదలుపెడితే ఖడ్గమృగం ఎముకలు సైతం బయటపడ్డాయి! ఆ ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవి ఉంది. (గుహను అక్కడ గవి అంటారు, నాకీ మాటే ఇష్టం.) దాన్ని తవ్విన ఎం.ఎల్.కె. మూర్తిగారికి గీకేవీ, బెజ్జాలు పొడిచేవీ ఎముక పనిముట్లు దొరికాయి. తోలుపనికే కాబోలు. వాటితోపాటు ఒక పొయ్యి! కాలిన మట్టిని మళ్ళీ వేడిచేస్తే సన్నగా వెలుగుతుంది. ఆ వెలుగును కొలిచి, ఆ పొయ్యి వయస్సు సుమారు 17 వేల ఏళ్ళని తేల్చారు. అప్పటికి మంచుయుగం ఇంకా ముగియలేదు. మన సీమలో మంచు గడ్డకట్టకపోయినా, ఇప్పటికంటె చల్లగా, పొడిగా ఉండేది. గవి లోపల మాత్రం బయటి చలి అంత తొందరగా చొరబడదు.

"ఆ పొయ్యి ఆరిపోతే?" అన్నాడు పిల్లవాడు.

నేను తడుముకుంటూంటే వెనకనుంచి పెద్దమ్మ అందుకుంది. "ఎట్ల ఆరనిస్తార్రా? మీ నాయన ఏడోనెలకే పుట్టినాడు. పుష్యమాసం. పిడికెడంత పిల్లగాడు. నెల దినాలు ఈ కుంపటి ఆరనియ్యలేదు. నేను పండుకుంటే మా అత్త మేలుకునేది, ఆమె పండుకుంటే నేను."

అంటూనే నిప్పులమీద బూడిద కప్పింది. గాలి సోకకుండా నివురు అడ్డంపడితే బొగ్గు మెల్లగా కాలుతుంది, వేడి లోపలే నిలుస్తుంది. ఇది పుస్తకం చూసి నేర్చిన విద్య కాదు.

"ఈ పూట నేను కావలి ఉంటా" అన్నాడు వాడు. పది నిమిషాలు గడవకముందే తల వాల్చేశాడు. ఎత్తుకుపోయి లోపల పడుకోబెట్టి వచ్చాను. పెద్దమ్మ కుంపటి దగ్గరే కూర్చుని ఉంది.