అద్దె యంత్రమా, సొంత యంత్రమా?

మన సంఘ కార్యాలయమునకు జిరాక్సు యంత్రము కావలెనన్న విషయమున భిన్నాభిప్రాయము లేదు. దానిని అద్దెకు తెచ్చుటయా, కొనుటయా అన్నదియే తగవు. కార్యవర్గమున కొందరు మిత్రులు అద్దె పక్షము వహించియున్నారు. ఒక్కసారిగా పెద్ద మొత్తము చేయి దాటదనియు, చెడిపోయినచో కంపెనీవారే బాగుచేయుదురనియు, మనకు చింత యుండదనియు వారి వాదము. వినుటకు ఇంపుగానే యున్నది. ఆ నిశ్చింతకు మన మిచ్చు మూల్య మెంతయో లెక్క చూడుమనియే మేము కోరుచున్నాము.

తెలుగునాటికి వెలుపల తరతరములుగా నివసించుచున్న మనకు నకలు విలాసవస్తువు కాదు. బళ్ళారిలో నైనను, హోసూరులో నైనను, బరంపురములో నైనను, షోలాపురములో నైనను ఉపాధ్యాయుడు చేతితో వ్రాసిన తెలుగు ప్రశ్నపత్రమును యథాతథముగా నలుబది ప్రతులు చేయుటకు ఇంతకంటె సులభోపాయము లేదు. యంత్రమునకు భాషాభేదము తెలియదు. రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొను హక్కును రాజ్యాంగము 350వ అధికరణమున మనకిచ్చినది. 1956లో చేర్చబడిన 350-ఏ అధికరణము, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. హక్కు కాగితముమీద నున్నది; దానిని సాధించుటకును కాగితములే కావలెను. నకలు ఉంచుకొనక పంపిన అర్జీ పోయినచో మనకు సాక్ష్యమే లేదు.

అద్దె పద్ధతి నేటిది కాదు. 1959లో అమెరికాలో జిరాక్సు సంస్థ 914 అను యంత్రమును వెలువరించి, నెలకు 95 డాలర్ల అద్దె కిచ్చినది. అందు 2,000 ప్రతులు చేరియుండెను. అంతకు మించిన ప్రతులకు వేరుగా వసూలు. ఆనాడు ఆ యంత్రమును కొనుట చిన్న కార్యాలయములకు అసాధ్యము కావున అద్దెకు న్యాయము కలదు. నేడు చిన్న యంత్రము మధ్యతరగతి సంఘమునకు అందుబాటులోనే యున్నది. కారణము పోయినను ఆచారము మిగిలినది.

లెక్క చూతము. అద్దె నెలకు 2,500 రూపాయలు, అందు 3,000 ప్రతులు, మించినచో ప్రతికి 60 పైసలు, గడువు మూడేండ్లు అనుకొందము. మనకు జూన్, జూలై నెలలలో అయిదేసి వేలు, మార్చిలో నాలుగు వేలు, మిగిలిన తొమ్మిది నెలలలో అయిదేసి వందల ప్రతులు చాలును. మూడేండ్లకు అద్దె 90,000. అదనపు ప్రతులకు 9,000. దీనిపై 18 శాతము జి.ఎస్.టి. 17,820; వెరసి 1,16,820 రూపాయలు. వ్యాపారి ఈ పన్నును తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకొనగలడు. పన్ను పడు అమ్మకములు లేని మన సంఘమున కా వెసులుబాటు లేదు. పన్నుతో కూడ 70,000కు యంత్రము కొని, మసికిని మరమ్మతుకును ప్రతికి 50 పైసలు వెచ్చించినను, 55,500 ప్రతులకు 27,750, వెరసి 97,750. అద్దెలో తొమ్మిది నెలలపాటు వాడని ప్రతులకు సొమ్ము కట్టుదుము. గడువు తీరిన పిదప యంత్రము వారిది, రసీదులు మనవి!

మరియొకటి. మూడేండ్ల ఒడంబడికను నడుమ త్రెంపుకొన్నచో మిగిలిన వాయిదాలు కట్టవలసివచ్చుట సామాన్యము. కార్యవర్గములు మారును, నేడు సంతకము చేయువారొకరు, రేపు తీర్చువారు వేరొకరు. రాబోవువారి చేతులు కట్టివేయుటకు మన కధికార మెక్కడిది?

ప్రతి నెల సమముగా ఇరువది వేల ప్రతులు తీయు పెద్ద కార్యాలయములకు అద్దె తగియుండవచ్చును. యంత్రము ఒక పూట ఆగినచో వారి పని నిలిచిపోవును. ఆ న్యాయము మనకు వర్తింపదు.

కొనుడన్నంత మాత్రమున కొని మూలబెట్టుడని కాదు. ఏనుగును కొని అంకుశమునకు వెనుదీయరాదు. డ్రమ్మును, రోలర్లును అరుగును. వానకాలమున చెమ్మ పీల్చిన కాగితము లోపల చిక్కుకొనును. ఊరిలోనే మరమ్మతు చేయగలవాడును, విడిభాగములును దొరకు యంత్రమునే ఎన్నుకొనవలెను. మరమ్మతు షరతులు వ్రాతపూర్వకముగా నుండవలెను. ఒకరికే తాళముచెవి యిచ్చి, తీసిన ప్రతి కాగితమునకు పుస్తకమున పద్దు వ్రాయింపవలెను.

ఇక పైకము మాట. నూటనలుబది కుటుంబములు ఇంటికి 500 చొప్పున ఇచ్చినచో 70,000 సమకూడును. పెండ్లిలో ఒక పూట పందిటి అలంకరణకు ఇంతకంటె హెచ్చుగా వ్యయించువారు మనలో లేరా? చందాలతో సత్రములు కట్టి, గ్రంథాలయములు నిలిపిన పెద్దల బిడ్డలము. ఒక యంత్రమునకు నెలనెల అద్దె మోయవలసిన దుర్గతి మనకు పట్టలేదు. కార్యవర్గము వచ్చు సమావేశమున అద్దె ప్రతిపాదనను త్రోసిపుచ్చి, బడులు తెరచులోగా యంత్రము కొనవలెనని మా కోరిక. మొదటి ప్రతులు మన పిల్లల తెలుగు పాఠములే కావలెను.