గోడ కొట్టించండి
మా ఇంట్లో గోడలోకి దించిన పాత డిబి (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) పెట్టె మార్చే రోజు ఎలక్ట్రీషియన్ మొదట అడిగింది, "గోడ కొట్టనా, ఉన్నదాంట్లోనే సర్దేయనా సార్?" అని. పెయింటు పోతుందని చాలామంది సర్దేయమంటారు. నేను కొట్టమన్నాను, మీరూ కొట్టించండి. నాలుగు పింగాణీ ఫ్యూజులకి చేసిన గూడులో ఆర్‌సీసీబీకి చోటుండదు, చోటు లేదని వదిలేసేదీ దాన్నే. ఫ్యూజుల బదులు పెట్టే ఎంసీబీ కాపాడేది వైరుని. తడిచేత్తో గీజరు ముట్టుకున్న మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ట్రిప్పయ్యే ఆర్‌సీసీబీ. పైగా గోడ తెరిస్తేనే లోపలి సంగతి బయటపడుతుంది. మా వంటింటి న్యూట్రలూ, ఎర్త్ తీగా ఒకే మెలికలో ఉన్నాయి; పైతొడుగు వేలు తగిలితే పెళుసుగా రాలింది. అలా కలిసి ఉంటే ఆర్‌సీసీబీ నిలవదు, ట్రిప్పవుతూనే ఉంటుంది. అప్పుడు తీగల్ని సరిచేయకుండా "ఇది పాడైంది" అని ఆర్‌సీసీబీనే తీసేసి డైరెక్ట్ ఇచ్చేయడం నేను చూశాను, అది ప్రాణాలతో చెలగాటం. మాకు ఆ మెలిక విడదీసి కొత్త వైరు లాగడానికే సగం పూట పట్టింది. పెట్టె చుట్టూ సిమెంటు ఇంకా ఆరలేదు. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూడటం మాత్రం ఇంట్లో అందరికీ నేర్పాను.